బొట్టు లేని పిలుపు

మొన్న మా పాత ఆఫీసులో పనిచేసిన ఒకాయన తన బిడ్డ పెండ్లి పత్రిక నాకు ఫోన్‌లో పంపించాడు. పత్రిక కింద ఒక ముక్క: "ఇంటికచ్చి బొట్టు పెట్టినట్టే అనుకోరి." అనుకున్నాను. రాష్ట్రం వచ్చిన ఈ ఏడాదిలో గోదావరిఖనిలో చాలా పిలుపులు ఫోన్‌లోనే అందుతున్నాయి. ఎవరికీ తప్పనిపించడం లేదు. అయినా ఆ ముక్క చదివితే నాకు ఒళ్లు మండింది. ఇంతకు ముందు ఒకామె కంప్యూటర్‌లో పిలుపు పంపిస్తే, "గిదేం పిలుపు? ఇజ్జత్ ఉన్నదా?" అని గేటు ముందు నిలబడి నవ్విన వాళ్లలో ఈ పెద్దమనిషి కూడా ఉన్నాడు.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే ఎవరి భార్య, ఎవరి కోడలు అని ఆరాలు తీస్తారు. ఆ ఆరాలంటే ఆమెకు పడదు. బాయి మీద అందరికీ ఆమె అక్క. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. పోయిన ఏడు జ్వరమని దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు. ఆమె ఉంటే ఈ పత్రికకు ఏం జవాబిచ్చేదో నాకు తెలుసు. "రాను" అని ఒత్తి, హాయిగా చాయ్ తాగేది.

నేను ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో నీళ్ల జగ్గు ఉంది. భర్త బాయిలో పైకప్పు పడి పోయాడు. పిల్లలు లేరు. అతని బదులు ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో నీళ్లు పోయడం, ఫైళ్లు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు మోయడం ఆమె పని. నేను కంప్యూటర్ మీద హాజరు లెక్కలు ఎక్కించేదాన్ని. ఫైలు పెట్టి వెళ్లకుండా నా వెనక నిలబడి చూసేది. ఒకరోజు, "గిది నేర్సుకుంటానికి ఎంత సదువుకోవాలె చెల్లె?" అని అడిగింది. టెన్త్ చాలు అక్కా అన్నాను. టెన్త్ అయిందట. ఆ సాయంత్రమే చౌరస్తా దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో చేరింది. కొన్నాళ్లకు నా పక్క కుర్చీ ఆమెదైంది.

ఆమె కుర్చీలో కూర్చునే తీరే వేరు. నాటు వేయడానికి మడిలో దిగుతున్నట్టు కొంగు నడుముకు దోపేది. రెండు వేళ్లతో కొట్టేది. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే కంప్యూటర్‌ను, "జల్ది కానియ్, షిఫ్టు టైమైతుంది," అని గదమాయించేది. పొద్దున వచ్చీరాగానే మెయిలు తెరిచేది. వచ్చినవన్నీ ఒక కొలిక్కి వచ్చేదాకా చాయ్ ముట్టేది కాదు.

"మూడే దార్లు చెల్లె," అనేది. "జవాబియ్యాలె, లేకుంటే డబ్బల ఎయ్యాలె, లేకుంటే పారెయ్యాలె. ఊకె తెర్సుడు, సూసుడు, మూసుడు అయితే పని ఎప్పుడైతది?"

డబ్బా అంటే మెయిలుతో పాటే వచ్చే క్యాలెండర్‌లో తేదీ గడి. ఆమెకు అది దొరికిన రోజు నాకు బాగా గుర్తు. వారం వారం మళ్లీ వచ్చే పనిని ఒక్కసారి వేస్తే చాలు, ఆ తర్వాత అన్ని వారాల్లోనూ దానంతటదే పడుతుందని నేను చూపించాను. ఆ గడులను వేలితో లెక్కపెట్టింది. తర్వాత, "అంటే షిఫ్టులు ఏసుకోవచ్చు గదా," అంది.

బొగ్గుబాయి ఊళ్లో బతికిన వాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. మా దగ్గర మనిషిది ఏ కులం, ఏ ఊరు అన్నదానికంటే ముందు ఏ షిఫ్టు అని అడుగుతాం. ఈ వారం ఫస్టు షిఫ్టు, వచ్చే వారం సెకండు, ఆపై వారం నైటు. పెళ్లిచూపులకైనా, పిల్లకు చెవులు కుట్టించడానికైనా ముందు ఆ రోజు ఎవరెవరు బాయిలో ఉంటారో చూసుకోవాలి. అక్క కాలనీలో మగవాళ్ల షిఫ్టులన్నీ క్యాలెండర్‌లోకి ఎక్కించింది. ఫస్టు షిఫ్టుకు పసుపు, సెకండుకు ఆకుపచ్చ, నైటుకు నీలం. ఇక మా కిటికీ ముందు రోజూ ఇదే తంతు.

"అక్కా, కాసిపేటల మా చెల్లె బిడ్డ ఫంక్షన్ ఉన్నది. గప్పుడు నాది ఏ షిఫ్టు?"

"నైటు. లీవు అర్జీ పెట్టుకో."

"పెడత తియ్యి. యాదికుంటది."

"యాదికుంటదనుడు బంద్ చెయ్. పోయినసారి గిట్లనే అంటివి, బామ్మర్ది పెండ్లినాడు బాయిల ఉంటివి. డబ్బల ఏస్తున్న."

ఆ రోజు దగ్గరికి రాగానే ఆమె మెయిలుకు గుర్తుచేసే కబురు వచ్చేది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి ఆ మనిషిని పేరుపెట్టి కేకేసేది. మా పై ఆఫీసరు ఒకసారి, ఇది ఆఫీసు పనా, సొంత పనా అని గొణిగాడు. "గీళ్లు చెప్పకుండ ఎగ్గొడితె మీకే కష్టం సార్. ముందే అర్జీ పెట్టిపిస్తున్న," అంది. తర్వాత్తర్వాత తన ఇంటి గృహప్రవేశానికి ఎవరెవరు ఖాళీగా ఉంటారో ఆయన కూడా ఆమెనే అడిగాడు.

తెలంగాణ కోసం బాయిలన్నీ బందయిన రోజుల్లో ఆమె ఆ రంగులన్నీ తీసేసింది. ప్రతి గడిలో సమ్మె అని ఒకటే మాట వేసింది. ఎప్పటిదాకా అని కంప్యూటర్ అడిగింది. తేదీ వేయొచ్చు, లేదంటే ముగింపు లేదు అని పెట్టొచ్చు. ముగింపు లేదు అన్నదానికే టిక్కు పెట్టి, "ఇచ్చినంక తీసేద్దాం," అని లేచింది.

ఆమె నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో లేదు. భర్త పోయిన పదో రోజు తుడిచేశారు కదా. ఏడాది తిరిగాక ఒక సోమవారం పెట్టుకుని వచ్చింది. ఆఫీసంతా గుసగుసలు. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చినాయన, మంచివాడే, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు. బాయిల పోయిండు సార్ అంది. ఆయన చూపు బొట్టు మీదే ఆగిపోయింది.

"నుదురు నాదే సార్," అని ఆమె మళ్లీ తెరవైపు తిరిగింది.

ఆమెకు కోపం తెప్పించిన విషయం ఒక్కటే, పిలుపుకు జవాబు. క్యాలెండర్‌లో ఏదైనా కార్యం వేసి పదిమందికి పంపిస్తే, వస్తాను, రాను, కావచ్చు అని మూడు జవాబుల్లో ఒకటి ఒత్తే ఏర్పాటుంది. ఒక పెద్దాయన రిటైరైతే సన్మానానికి ఆమె అలాగే పిలిచింది. అప్పటికే సెలవు రోజుల్లో నెట్ సెంటర్‌కు తీసుకుపోయి, పిల్లల పరీక్ష ఫలితాల కోసమని కాలనీలో ఇంటింటికీ ఒక మెయిలు ఖాతా తెరిపించింది. అందరూ వస్తానని ఒత్తారు. నైట్ షిఫ్టు వాళ్లూ ఒత్తారు, ఊళ్లో లేనివాళ్లూ ఒత్తారు. తీరా చూస్తే కుర్చీలు ఖాళీ. మర్నాడు కిటికీ దగ్గర ఒకణ్ని పట్టుకుంది.

"వస్తనని ఒత్తి ఎందుకు రాకపోతివిరా?"

"పిలిచినోళ్ల ముందట రానని ఎట్ల చెప్తం అక్కా? మర్యాద కాదు గదా."

"మనిషి ముందట లేదు గదరా, కంప్యూటర్ ఉన్నది!"

"ఎవలుంటేంది, పిలుపు పిలుపే గదా."

ఆ రోజంతా ఆ మాటకు తనలో తాను నవ్వుకుంది. "మనోళ్లల్ల రానని చెప్పినోన్నే నమ్మాలె చెల్లె," అంది సాయంత్రం.

ఆమె జీవితంలోకి పంతులు వచ్చింది కూడా ఈ జవాబుల గొడవతోనే. ఆయన రామగుండంలో క్రైస్తవుల బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. భార్య రోగంతో పోయి చాలా ఏళ్లయింది. నెట్ సెంటర్‌లో ఆయన మెయిలు తెరిస్తే పక్క సీట్లో ఉన్న అక్క కన్ను అటు పడింది. తెరవని ఉత్తరాలు పేజీల కొద్దీ.

"ఏంది సారు, గింతమంది మాట్లాడిస్తే ఒక్కలకు జవాబియ్యలేదు. మనిషివేనా?"

ఆయన బిత్తరపోయి, ఏం చెయ్యాలో తెలియడం లేదమ్మా అన్నాడట. ఆమె కుర్చీ అటు జరిపి మూడు దార్లూ చెప్పింది. అలా మొదలైంది. ఏడాదికి ఆమె నాతో, "పంతులు నన్ను చేసుకుంటనంటుండు. నాకు సుత ఇష్టమే," అంది. సిగ్గుపడలేదు. చాయ్ గ్లాసు మాత్రం చేతిలో తిప్పుతూనే ఉంది.

శ్రీరాంపూర్ నుంచి ఆమె బావ దిగబడ్డాడు. బావ అంటే పోయిన భర్తకు అన్న. అక్కడ బాయిలోనే పని. వాళ్ల బెంగ అక్క మీద కాదు, ఆ ఉద్యోగం మీద. తమ్ముడి ప్రాణం పోతే వచ్చిన ఉద్యోగం ఇంకొకరి ఇంటికి పోతుందని వాళ్ల కడుపుమంట. కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరం చుట్టాలకే.

మా దగ్గర పెళ్లి పిలుపు అంటే ఇంటింటికీ పోయి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలవాలి. ఆ బొట్టు భర్త ఉన్న ఆడమనిషే పెట్టాలి. ఆ ఇంట్లో ఆ పని చేయవలసింది బావ భార్య. బావ వాకిట్లో నిలబడి చెప్పేశాడు.

"ఆ పంతులును ఇడిసిపెట్టు. లేకుంటే మా ఇంట్లకెల్లి బొట్టు బయటికి రాదు. ఎవలు పిలుస్తరో, ఎవలస్తరో సూస్త."

"బొట్టు మీ ఇంట్లనే ఉంచుకోరి బావా," అంది అక్క. "పిలుపు నేను పంపిస్త."

బావ వెళ్లాక మాత్రం మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. ఆమెకు భయం దేనికో నాకే చెప్పింది. నలుగురు వచ్చి తినకపోతే రేపు దాన్ని ఎవరూ పెండ్లి అనరు. మొగుడు పోయినామె లేచిపోయింది అంటారు. రిజిస్టర్ ఆఫీసు సంతకాలు ఆ మాటను ఆపలేవు. "నేను దొంగతనం జేస్తలేను చెల్లె. నలుగుట్ల పెండ్లి చేసుకుంటున్న. ఆ నలుగురు నాకు కావాలె," అంది.

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళలో కొంగు దోపుకుని కూర్చుంది. రంగుల గడులన్నీ జరిపి జరిపి ఒక వేళ పట్టింది. ఫస్టు షిఫ్టు వాళ్లు పైకి వచ్చే, సెకండ్ షిఫ్టు వాళ్లు కిందికి పోయే నడుమ వేళ. పిలుపులో ఇలా రాసింది: "నా పెండ్లి. సంతకాలయినంక కాలనీ హాల్ల బువ్వ. ఫస్టు షిఫ్టోళ్లు ఇంటికి పోకుండ అట్లనే రాండ్రి. సెకండ్ షిఫ్టోళ్లు తిని బాయిల దిగుండ్రి." ఇంటింటికీ ఆ ఇంట్లో వాళ్ల పేర్లు వేసి పంపింది. బావ ఇంటిని వదల్లేదు. బావ కొడుకు చదువుకుంటున్నాడు, వాడి ఖాతా తెరిచింది కూడా ఆమే. ఆ ఇంటి పిలుపులో మొదటి పేరు అత్తది, ఆ తర్వాతే బావ, తోడికోడలు, పిల్లలు.

అనుకున్నట్టే అందరూ వస్తామని ఒత్తారు. రాను అన్నది ఒక్క ఇల్లే, శ్రీరాంపూర్‌ది. అక్క దాన్ని చూసి, "బావ ఒక్కడే ఉన్నమాట చెప్పిండు," అంది. కానీ ఆ వారంలోనే బావ మా కాలనీలో తిరగడం మొదలుపెట్టాడు. బొట్టు లేదు, పిలుపు లేదు, వెళ్లినవాళ్లకు కులంలో ఇజ్జత్ ఉండదు అని ప్రచారం. గేటు ముందు నవ్వులు అప్పుడే. వస్తానన్న వాళ్లు కిటికీ దగ్గర అక్క కళ్లు తప్పించుకుని పోసాగారు.

సెలవు రోజు పొద్దున ఆమె క్వార్టర్ ముందు పంచాయితీ పెట్టించాడు బావ. కులపెద్దలు నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు. ఏడిపించడానికని కాబోలు తల్లిని కూడా వెంట తెచ్చాడు. ఆ ముసలామె గడప పక్కన నేల మీద కూర్చుంది. ఆమెకూ భర్త లేడు. ఎవరి ఇంట్లో శుభకార్యమైనా ఆమె వంటల దగ్గరే ఉండేది, పందిట్లోకి రావడం నేను చూడలేదు. అక్క రమ్మంటే నేను కూడా పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"మాకు పిలుపే లేదు," అన్నాడు బావ. "మనింటి కోడలు పెండ్లంటది, మనింటికే పిలుపు లేదు. ఇగ మీరంత ఎట్ల పోతరు?"

పెద్దాయన ఒకరు అక్కవైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా? పిలువలేదా?"

"పిలిచిన కాకా. అందరిని పిలిచినట్టే పిలిచిన."

"ఆ కంప్యూటర్ల ఒత్తితె పిలుపైతదా?" అని లేచాడు బావ. ఆవేశంలో ఛాతీ మీద చరుచుకున్నాడు. "మా పోరడు సూపెట్టిండు. రానని ఒత్తుర అన్న. ఒత్తిండు. మీరంత భయపడి వస్తమన్నరు. మొఖం మీద రానని చెప్పిన మొగోణ్ని నేనొక్కన్నే!"

అక్క గొంతు పెంచలేదు. "పిలుపే లేకుంటే రానని దేనికి చెప్పినవు బావా?"

కుర్చీల్లో ఒకాయన నవ్వు ఆగక దగ్గు నటించాడు. పెద్దాయన తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "గది మాటంటే. పిలిచింది, నువ్వు రానన్నవు. నీ ఇష్టం. పిలువలేదనే మాట ఇగ నడువది. పోయేటోళ్లను ఆపకు," అన్నాడు.

బావ ఇంకేదో అనబోయాడు. అప్పుడు గడప దగ్గర నుంచి ముసలామె గొంతు వినిపించింది.

"దాంట్ల నా పేరు ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా. మొదలు నీ పేరే."

ముసలామె కొడుకువైపు తిరిగింది. "నాకచ్చిన పిలుపుకు నువ్వెట్ల రానంటవుర? నన్నడిగినవా?"

"నువ్వెందుకు పోతవే? ముసలిదానివి. మొగడు లేనిదానివి. పైంగ సచ్చిన కొడుకు పెండ్లాం పెండ్లికి..."

"నన్ను పెండ్లికని పేరుపెట్టి ఎవలు పిలిచి ఎన్నేండ్లయింది? ఎవలింట్లనైన వంటకే పిలుస్తరు." అంటూ గోడ పట్టుకుని లేచింది. "బిడ్డా, నాకు సుత ఒకటి తెరువు. నా పిలుపు నాకే రావాలె."

ముగ్గురం నెట్ సెంటర్‌కు పోయాం. ఎవరికి ఖాతా తెరిచినా, వాళ్ల రహస్య మాట కొట్టేటప్పుడు అక్క గోడవైపు తిరిగి నిలబడేది. అత్తకూ అదే పద్ధతి. "నీకు ఒక్కదానికే యాదికుండేది ఏదన్న కొట్టు అత్తమ్మా," అని అటు తిరిగింది. ముసలామెకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. ఒక్కో అంకె పైకి చదువుతూ, వెతుక్కుంటూ, వేలితో నొక్కుతోంది. అది బాయి మీద ఎవరికిచ్చిన టోకెన్ నంబరో నాకు మూడో అంకెకే అర్థమైంది. బాయిలో పోయిన కొడుకుది. ఆఫీసు కాగితాల్లో ఎన్నోసార్లు చూసిందే.

అక్క వీపు నాకు కనిపిస్తోంది. గోడకు చెయ్యి ఆనించింది. ఇటు తిరగలేదు.

"సాలదంటుంది అక్కా," అన్నాను నేను. కంప్యూటర్ ఇంకా పొడుగు కావాలని అడుగుతోంది.

"మర్ల గదే ఎయ్యి అత్తమ్మా," అంది అక్క గోడవైపు నుంచే.

ముసలామె అన్ని అంకెలూ మళ్లీ చదువుకుంటూ కొట్టింది. అక్క పక్క సీట్లో కూర్చుని ఆమె పేరుకు పిలుపు పంపింది. అది రాగానే వస్తాను అన్నది ఎక్కడుందో నేను చూపించాను. ముసలామె వేలు అక్కడ పెట్టి కాసేపు ఆగింది.

"వాడేమనుకోడు," అంది. ఎవరితో అన్నదో తెలియదు. ఒత్తేసింది.

పెళ్లి రోజు వస్తామన్న వాళ్లలో సగం మంది వచ్చారు. మా దగ్గర అది చాలా ఎక్కువ. ఫస్టు షిఫ్టు వాళ్లు కనురెప్పల్లో బొగ్గుతోనే నేరుగా హాలుకు వచ్చి, చేతులు మాత్రం కడుక్కుని బంతిలో కూర్చున్నారు. సెకండ్ షిఫ్టు వాళ్లు గబగబా తిని పోయారు. ఫోన్‌లో పత్రిక పంపిన పెద్దమనిషి రాలేదు. బావ కూడా రాలేదు. మనిషిని మాత్రం పంపాడు. వాళ్ల దూరపు చుట్టం ఒకడు హాలు తలుపుకు అడ్డంగా నిలబడి, వచ్చిన వాళ్లందరినీ గుర్తుపెట్టుకుంటున్నాడు.

ముసలామె శ్రీరాంపూర్ నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఉతికిన చీర, చేతిలో గుడ్డసంచి. నేను ఎదురు వెళ్లేలోపే తలుపు దగ్గరికి చేరింది. వాడు జరగలేదు.

"ఏందే, నువ్వెటు? వంటలు ఎనుకదిక్కు ఉన్నయ్."

ముసలామె తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

"నా కోడలు పిలిచింది. వస్తనని నా ఏలితోని చెప్పిన. జరుగు."